మూగబోయిన ఆంప్లిఫయరు
(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గత డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం నాడు మన హాల్లో మైకు మూగబోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1982లో అదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును వక్త వివరిస్తుంటే, వెనుక వరుసల్లోని పెద్దలు కాసేపు చెవికి చెయ్యి ఆనించుకుని, ఏమీ వినపడక లేచి వెళ్ళిపోయారు. సగం మందికి వినికిడి తగ్గిన సంఘం మనది. మెకానిక్కు చూసి బోర్డు మొత్తం మార్చాలన్నాడు. మనసొప్పక ఆంప్లిఫయరును ఇంటికి పట్టుకెళ్ళాను.

పాతవాటిలో బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉండేది. ఇప్పటివాటిలో ఎస్.ఎం.పి.ఎస్. ఉంటోంది. అది 230 వోల్టుల ఇంటి కరెంటును సుమారు 325 వోల్టుల డి.సి.గా మార్చి పెద్ద కెపాసిటరులో నింపుతుంది. దాన్ని సెకనుకు వేలసార్లు ఆపుతూ వదులుతూ, చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా కావలసిన వోల్టేజికి దించుతుంది.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. ప్లగ్గు పీకేశాను కదా, ఇక భయమేమిటని బోర్డు పట్టుకున్నాను. చెయ్యి విసిరికొట్టింది. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. చెడిపోయిన సప్లైలో కరెంటు ఖర్చయ్యే దారి లేక, ఆ కెపాసిటరులో ఛార్జి ప్లగ్గు తీశాక కూడా చాలాసేపు నిలిచి ఉంటుంది. రెసిస్టరు ద్వారా దాన్ని ఖాళీ చేసి, మీటరులో సున్నా చూశాకే చెయ్యి వెయ్యాలి. పని తెలియనివారు, గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు అసలు మూతే తీయవద్దు.

ఇక మిగిలింది మనకు తెలిసిన పనే. ఫైలు ఏ టేబుల్ దగ్గర ఆగిందో వెతకడం. ఫ్యూజు చూశాను, బాగానే ఉంది. అది నల్లగా మాడి ఉంటే లోపల షార్టు ఉన్నట్టు. అప్పుడు లావు తీగ చుట్టి నడిపిస్తే కొంప అంటుకుంటుంది. తర్వాత 100 వాట్ల పాతరకం బల్బును సిరీస్‌లో పెట్టి కరెంటు ఇచ్చాను. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గింది. పూర్తిగా వెలుగుతూ ఉండిపోతే షార్టని అర్థం. పెద్ద కెపాసిటరు దగ్గర 320 వోల్టులు ఉన్నాయి. అంటే ఇన్‌వర్డు సెక్షను సవ్యమే. కాని అవుట్‌పుట్ నిలబడక టిక్ టిక్ మంటోంది. అవుట్‌పుట్ డయోడ్లు షార్టయినా ఇలాగే కొట్టుకుంటుంది కనుక, కరెంటు తీసి, ఛార్జి ఖాళీ చేసి, వాటిని చూశాను. బాగున్నాయి.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. మన ఆంప్లిఫయరు స్విచ్చి ఎవరూ కట్టేవారు కాదు. ఆ రోజు కరెంటు పోయి వచ్చాకే అది లేవలేదు. నడుస్తున్నంతసేపు నడిచి, ఆపితే మళ్ళీ లేవదంటే, కంట్రోలు ఐ.సి. పక్కనున్న చిన్న కెపాసిటరును అనుమానించాలి. వేడికి దానిలో తడి ఆరిపోతుంది. 47 మైక్రోఫారడ్లు, 50 వోల్టులది తీసి, 105 డిగ్రీల రకం కొత్తది, ప్లస్ మైనస్ చూసి అతికాను. ఖర్చు పది రూపాయల లోపు.

ఇప్పుడు నేను మాట్లాడుతున్నది ఆ ఆంప్లిఫయరులోనే. సమావేశం కాగానే దయచేసి స్విచ్చి కట్టండి. చివరి వరుస పెద్దలకు వినపడుతోందా? చేతులెత్తండి. సంతోషం. సెలవు.