దేవుణ్ణి నిలదీసిన నమ్మకం: కాసుల పురుషోత్తమకవి స్మారకోపన్యాసం

శరణాగతికి వైష్ణవాచార్యులు ఆరు అంగాలు చెప్పారు: భగవంతుని ఇష్టానికి అనుకూలంగా నడుచుకోవాలన్న సంకల్పం, ప్రతికూలమైనదాన్ని విడిచిపెట్టడం, ఆయన తప్పక రక్షిస్తాడన్న విశ్వాసం, రక్షకుడిగా ఆయననే వరించడం, తనను తాను ఆయనకు అప్పగించడం, తన నిస్సహాయతను ఒప్పుకోవడం. వీటిలో మూడోదానికి మహావిశ్వాసమని పేరు. మనశ్శాంతికి మూలం ఇదేనని శాస్త్రం అంటుంది గాని, ఆ విశ్వాసం నోరు విప్పినప్పుడు ఏ భాష మాట్లాడుతుందో శాస్త్రం చెప్పదు. అది తెలియాలంటే ఈ సభ స్మరిస్తున్న కవి పుట్టిన దివిసీమకే రావాలి.

కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేలోపు, ఆ పాయల నడుమ ఏర్పడిన లంకభూమి దివిసీమ. దానికి ఎగువన, నది ఒడ్డునే ఉన్న శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు కొలువున్నాడు. కళింగ దండయాత్రకు వెళుతున్న శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ హరివాసరం, అంటే ఏకాదశి ఉపవాసం, చేశాడనీ, ఆ రాత్రి స్వామి కలలో కనిపించి గోదాదేవి వివాహకథను తెలుగులో చెప్పమన్నాడనీ ఆముక్తమాల్యద పీఠిక చెబుతుంది. ఆ పీఠికలో దేవుడు అడుగుతాడు, రాజు తలవంచి వింటాడు. సుమారు మూడు శతాబ్దాల తరువాత అదే స్వామిని ఒక సామాన్య కవి అడగడం, స్వామి వినడం మొదలైంది.

ఈ మార్పుకు నేల అప్పటికే సిద్ధమై ఉంది. కూచిపూడిలో సిద్ధేంద్రయోగి భామాకలాపంలో సత్యభామ కృష్ణుని మీద అలుగుతుంది; మొవ్వ గోపాలుని ముద్రతో పదాలు రాసిన క్షేత్రయ్య నాయికలు ఆయనను దెప్పిపొడుస్తారు. అయితే ఆ అలకా ఆ దెప్పూ పాత్రల నోట వచ్చినవి. కవి తానే ఎదురుగా నిలబడి అడగడం పురుషోత్తమకవి దగ్గర కనిపిస్తుంది.

దివిసీమలోని పెదప్రోలుకు చెందిన ఆయన పద్దెనిమిదో శతాబ్ది చివర, పంతొమ్మిదో శతాబ్ది మొదట జీవించాడు. ఆయన ఆంధ్రనాయక శతకం సీసపద్యాల్లో సాగిన వ్యాజస్తుతి. పైకి నిందగా వినిపిస్తూ లోపల స్తుతిని దాచుకున్న రచనను అలా అంటారు. లోకభారం మోసేది భూదేవి, కోరికలు తీర్చే సిరి లక్ష్మిది, సృష్టి చేసేది కొడుకు బ్రహ్మ, పాపాలు కడిగేది కూతురు గంగ, ఆలుబిడ్డలు తెచ్చిన ఆ పేరు తప్ప స్వామికి సొంతంగా ఉన్నదేమిటని ఒక పద్యంలో ఆయన నిలదీస్తాడు. ఈ ధైర్యాన్ని కేవలం అలంకార చమత్కారంగా చదవడం కవికి అన్యాయం చేయడమే. వినేవాడు లేడనుకున్నవాడు ఇంత సూటిగా అడగడు. తిట్టినా తలుపు మూసుకోడన్న భరోసా ఉన్న బిడ్డే తండ్రి ముందు గొంతెత్తుతాడు. ఆ భరోసాకే శాస్త్రం మహావిశ్వాసమని పేరు పెట్టింది. శిథిల స్థితిలో ఉన్న శ్రీకాకుళ ఆలయానికి ఈ శతకం వల్లనే మళ్ళీ ఆదరణ లభించిందని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు.

ఆయన హంసలదీవి వేణుగోపాలుని మీదా శతకం చెప్పాడు. ఇంకా విశేషమైనది మానసబోధ శతకం: స్వామిని ప్రశ్నించిన కవి అక్కడ తన మనసును కూర్చోబెట్టి బోధిస్తాడు. శాంతి కోసం ఈ రెండు పనులూ అవసరమే. లోపలి ఫిర్యాదును అణచిపెట్టుకుని మనసుకు నీతులు చెబితే అది వినదు. ఫిర్యాదును దేవుని ముందు పెట్టిన తరువాత మాత్రమే మనసుకు వినే ఓపిక వస్తుంది.

ఈ నమ్మకానికి ఈ తీరం పెట్టిన పరీక్షలు తేలికైనవి కావు. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన సముద్రం 10,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి. ఇలాంటి చోట దైవం మీద భారం వేసి ఊరుకోమని బతికినవారికి చెప్పడం క్రూరత్వమవుతుంది, ఇది పాపఫలమని చెప్పడం అంతకన్నా క్రూరం. ఆ తుఫాను తరువాత ఈ ప్రాంత నాయకుడు మండలి వెంకటకృష్ణారావు వంటివారు సహాయ పునరావాస కార్యక్రమాలకు ముందు నిలిచారు, దేశం నలుమూలల నుంచీ సేవాసంస్థలు తరలివచ్చాయి. శరణాగతి మనిషి చేతులు కట్టేయదనడానికి ఆ పనే రుజువు: భగవంతునికి అనుకూలంగా నడుచుకోవడం ఆ ఆరు అంగాల్లో మొదటిదని మరచిపోకూడదు.

దేవుని ఎదుట నిలబడి అడిగే ఆ చనువు ఈ తీరంలో మరోచోటా కనిపిస్తుంది. మచిలీపట్నం చిలకలపూడిలో 1929లో వెలసిన పాండురంగని గుడిలో భక్తుడు గర్భాలయంలోకి వెళ్ళి స్వామి పాదాలను స్వయంగా తాకవచ్చు. పురుషోత్తమకవి పద్యంలో దేవునికీ మనిషికీ ఉన్న దూరం ఎంతో, ఆ గుడిలోనూ అంతే.