రేడియోలో ఆ గరగర ఎక్కడిది?

వేసవిలో పొద్దుగూకాక మీడియం వేవ్ మీద దూరపు తెలుగు కేంద్రం కోసం ముల్లు తిప్పేవారికి ఈ బాధ తెలుసు. పాట వస్తూనే ఉంటుంది, గరగర మింగేస్తూ ఉంటుంది. మాది హోసూరు. నేనూ ఆ కోపం రేడియో మీదే చూపించి, రెండుసార్లు రిపేరుకి డబ్బు పోశాను.

తప్పెక్కడుందో తెలియాలంటే కొలవాలి కదా! అందుకు మీడియం వేవ్ కంటే చాలా కిందనున్న తరంగాలను ఎంచుకున్నాను. తిరునెల్వేలి దగ్గర విజయనారాయణంలో మన నౌకాదళం 1990లో ప్రారంభించిన ప్రసార కేంద్రం ఉంది. నీటిలో మునిగి ఉన్న జలాంతర్గాములకు కబుర్లు పంపడం దాని పని. పౌనఃపున్యం 18.2 కిలోహెర్ట్జ్, అంటే ఒక్కో అల పొడవు 16 కిలోమీటర్ల పైమాటే. నేలకూ, సుమారు 70, 80 కిలోమీటర్ల ఎత్తున ఉండే అయనోస్ఫియర్ పొరకూ మధ్య, కాలవలో నీళ్ళలా ఈ అలలు వేల కిలోమీటర్లు సాగిపోతాయి. హోసూరు దానికి 480 కిలోమీటర్లే.

గజం చదరం కర్ర చట్రానికి వంద చుట్లు రాగితీగ చుట్టి, కొసలను చిన్న యాంప్లిఫయర్ ద్వారా లాప్‌టాప్ మైకుకి కలిపాను. సౌండ్ కార్డు సెకనుకి 48 వేల నమూనాలు తీసేదైతే 24 కిలోహెర్ట్జ్ దాకా అందుతుంది. చట్రం అంచు దక్షిణానికి పెడితే సిగ్నల్ బలంగా వస్తుంది, ముఖం పెడితే దాదాపు మాయం.

మొదట్లో సిగ్నల్ బలం ఒక్కటే రాసుకుని పొరబడ్డాను. పక్కనే, ఏ కేంద్రమూ లేని చోట రొద ఎంతుందో కూడా రాస్తేనే ఆ అంకెకి అర్థం. అలా రాశాక తేలిందేమంటే, సాయంత్రాల్లో సిగ్నల్ తగ్గడం లేదు, రొదే పెరుగుతోంది. అందులో విడివిడిగా చిటుక్కుమనేవి మెరుపులు, వందల మైళ్ళ అవతలివి కూడా. ఆగకుండా జుయ్యిమనేది మాత్రం ఆకాశానిది కాదు. లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉండగా ఇంట్లో మెయిన్ ఆపాను. జుయ్యి చాలావరకు పోయింది. వరండాలోని ఎల్.ఇ.డి. బల్బు! రేడియో పాపం ఏం చేసింది?

మీకు చట్రం అక్కర్లేదు. బ్యాటరీ ట్రాన్సిస్టర్‌ను మీడియం వేవ్‌లో ఖాళీ చోట పెట్టి, రోజూ ఒకే వేళకు నిమిషానికెన్ని చిటుకులో లెక్కపెట్టండి. మెయిన్ ఆపి మరోసారి వినండి. రిపేరుకి తీసుకెళ్ళేది ఆ తర్వాతే. చిటుకులు దగ్గర దగ్గరగా పడుతున్నా అది దూరపు గాలివాన కావచ్చు. కానీ ఉరుము చెవిన పడిందంటే మాత్రం లెక్క ఆపండి, బయటి ఏరియల్ తీగ ముట్టకండి, పొలంలో ఉంటే పక్కా ఇంట్లోకి నడవండి.