ధరల భయము - రిజర్వు బ్యాంకు
(రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



హైదరాబాదు పాతనగరమున మాదన్నపేట కలదు. గోలకొండ సుల్తాను తానీషాకు మంత్రియై రాజ్యపు లెక్కలు నడపిన మాదన్న పేర అది వెలసినదని చెప్పుదురు. అచ్చటి కూరగాయల మండిని ఎరుగని నగరవాసులు తక్కువ. 2023 జులై మాసమున హైదరాబాదు బజారులలో టమాటా కిలో 100 రూపాయలు దాటెను. టమాటాకు పేరుపొందిన మదనపల్లె మార్కెటు ధర ప్రతిదినము పత్రికల కెక్కెను. దేశమంతటి చిల్లర ధరలు, అంతకు ముందటి జులైతో పోల్చిచూడగా, నూటికి 7.44 వంతున పెరిగెను. ధరలను అదుపులో నుంచుటకు రిజర్వు బ్యాంకు ఉన్నది గదా, అది ఏమి చేయుచున్నదని మండిలో సంచి పట్టుకొని నిలిచినవాడు అడుగుట న్యాయమే.

ఆ బ్యాంకు ఆగస్టు 10వ తేదీన తన నిర్ణయమును ప్రకటించి, వడ్డీ రేటును 6.5 వద్దనే యుంచెను. చేతులు ముడుచుకొని కూర్చుండెనని కొందరు తలచి యుందురు. కాని వడ్డీ పెంచినంత మాత్రమున తోటలో కాయ ముందుగా పండదు. కొత్త పంట బజారుకు వచ్చెను; సెప్టెంబరు నాటికి ఆ 7.44 కాస్తా 5.02కు దిగెను. అట్లయిన వడ్డీతో పని యేమి?

బ్యాంకులు తమకు రొక్కము చాలనప్పుడు ప్రభుత్వ పత్రములను ఉంచి రిజర్వు బ్యాంకు వద్ద కొద్దికాలమునకు అప్పు తెచ్చుకొనును. దానికి చెల్లించు వడ్డీయే రెపో రేటు. అది పెరిగినచో క్రమముగా అందరి అప్పులును ప్రియమగును. ఇల్లు కట్టదలచినవాడును, మోటారుబండి కొనదలచినవాడును ఒక యేడు ఆగుదమనుకొందురు. అప్పు తెచ్చి పప్పులను, మిరపకాయలను గోదాములలో నిలువజేయు వర్తకునకు నెలనెల వడ్డీ బరువై, సరకును త్వరగా బయటకు తీయవలసివచ్చును. ఇది నిదానమైన వైద్యము. గుణము కనబడుటకు ఏడాది పట్టవచ్చును, అంతకు మించియు పట్టవచ్చును.

ఇంతకంటె సూక్ష్మమైన సంగతి ఒకటి కలదు. రేపు ధర పెరుగునని నమ్మినవాడు నేడే తన నడత మార్చుకొనును. ఇల్లాలు ఒక నెలకు బదులు మూడు నెలల కందిపప్పు తెప్పించును. ఇంటి యజమాని అద్దె ముందుగనే పెంచును. కూలివాడు ఎక్కువ కూలి అడుగును. అడుగక ఏమి చేయును? మేస్త్రీ ఆ కూలిని కట్టడపు ఖర్చులో కలుపును. వీరిలో ఎవ్వరిదియు తప్పు కాదు. అయినను ఇందరి జాగ్రత్తయు ఒక్కటై, రాని ధరను రప్పించును. టమాటా ధర దిగవచ్చును గాని, ఒకసారి పెరిగిన అద్దె దిగుట అరుదు.

అందువలననే రిజర్వు బ్యాంకు 2005 మొదలు నగరములలోని గృహస్థులను అడిగి తెలిసికొనుచున్నది. వానిలో హైదరాబాదు ఒకటి. ఇప్పుడు ధరలు ఎంత పెరుగుచున్నవి, మూడు నెలలకు ఎట్లుండును, ఏడాదికి ఎట్లుండును అనునవి ప్రశ్నలు. గృహస్థుల అంచనా ప్రభుత్వపు లెక్కకంటె దాదాపు ఎల్లప్పుడు హెచ్చుగానే యుండును. జనులకు లెక్కలు రావని దీనిని చూచి నవ్వువారు కలరు. ఆ నవ్వు తగదు. పాలు, కూరలు దినదినము కొనునవి. ఫ్యాను ఎన్నియేండ్లకో ఒకసారి కొనునది. ప్రతి ఉదయము చేతికి తగులు ధరయే మనసున నిలుచును.

తెలుగువారైన దువ్వూరి సుబ్బారావు 2008 నుండి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా నుండిరి. ఆయనకు ముందటి గవర్నరు వై.వి. రెడ్డియు తెలుగువారే. సుబ్బారావు హయాములో, 2010 మార్చికిని 2011 అక్టోబరుకును నడుమ, రెపో రేటును 13 మార్లు పెంచిరి. 4.75గా నున్నది 8.5 అయ్యెను. పరిశ్రమలు కుంటుపడినవని ఒక పక్షము, పెంచుట ఆలస్యమైనదని మరియొక పక్షము నిందించెను. ధరల భయము జనుల మనసున పాతుకొనిన పిదప దానిని పెరుకుట ఎంత కష్టమో ఆ యేండ్లు చూపినవి.

2016లో రిజర్వు బ్యాంకు చట్టమును సవరించి, ధరల పెరుగుదల ఏటా నూటికి 4గా నుండవలెనని, అటునిటు 2 మించరాదని గురి ఏర్పరచిరి. బ్యాంకు పక్షమున ముగ్గురు, ప్రభుత్వము నియమించిన ముగ్గురు, మొత్తము ఆరుగురు వడ్డీని నిర్ణయింతురు. జనులకొక అంకె తెలిసి, దానిపై గురి కుదిరినచో, టమాటా ధర మండినను అద్దెలు, కూలులు దానివెంట పరుగెత్తవని దీని భావము. వరుసగా మూడు త్రైమాసికములు గురి తప్పినచో బ్యాంకు కారణములు చూపుచు ప్రభుత్వమునకు వ్రాయవలెను.

2022లో అట్లే జరిగెను. ఉక్రెయిను యుద్ధముచే చమురు, పొద్దుతిరుగుడు నూనె మండిపోయినవి. మొదటి తొమ్మిది నెలలును పెరుగుదల 6కు పైననే నిలిచెను. నవంబరులో బ్యాంకు లేఖ వ్రాసెను. ఆ లేఖను మాత్రము ప్రజలకు చూపలేదు; చూపవలెనని చట్టమున లేదని ప్రభుత్వము పార్లమెంటులో చెప్పెను. చట్టమున లేకపోవచ్చును. కాని జనుల నమ్మకమే పనిముట్టుగా గల సంస్థ, గురి ఏల తప్పినదో వారికే చెప్పకుండుట వింతగా నున్నది. 2022 మే మాసమునకు ముందు 4గా నున్న రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.5 అయ్యెను. ఇంటి అప్పు తీర్చుచున్న ఉద్యోగికి కొన్నిచోట్ల వాయిదా పెరిగెను. వాయిదా పెరుగని చోట కట్టవలసిన సంవత్సరములు పెరిగెను. మందు ఖరీదు చెల్లించినవాడు అతడే. రోగమేమో వ్రాసిన చీటీ మాత్రము అతని చేతికి రాలేదు.