శిలను చదువు విద్య



గ్రంథమును చదువుటకు అక్షరజ్ఞానము కావలెను. శిలను చదువుటకును ఒక అక్షరజ్ఞానము కలదు. ఆ అక్షరములు ఊరక చూచిన కంటికి కనబడవు. రాతిని కాగితముకంటె పలుచగా అరగదీసి, ఒక విధమైన వెలుగును దానిగుండ పంపినప్పుడే అవి బయటపడును. ఆ వెలుగునకు ధ్రువిత కాంతి యనియు, దానితో రాతిని చూపు సాధనమునకు ధ్రువణ సూక్ష్మదర్శిని యనియు పేర్లు. ఈ విద్యను నేర్చువానికి మొదట అబ్బవలసినది పాండిత్యము కాదు. తన కంటిని తానే శంకించుకొను ఓర్పు.

ఈ సాధనము ఒక్కనాట పుట్టినది కాదు. 1669లో డెన్మార్కు దేశపు పండితుడు బర్తోలిన్, ఐస్‌లాండునుండి వచ్చిన తేటయైన కాల్సైటు రాతిగుండ చూచిన వస్తువు రెండుగా కనబడుటను లోకమునకు తెలియజేసెను. ఆ రాతిలో ప్రవేశించిన కిరణము రెండుగా చీలుటయే అందులకు కారణము. 1828లో ఎడింబరో నగరవాసి విలియం నికల్ ఆ రాతినే కోసి, మరల అతికి, రెండు కిరణములలో ఒకదానిని ప్రక్కకు తొలగించి రెండవదానినే పోనిచ్చు పట్టకమును నిర్మించెను. నేటి సూక్ష్మదర్శినులలో పెక్కింట నికల్ పట్టకమునకు బదులు పోలరాయిడ్ పలకలు ఉండును.

వెలుగు ఒక తరంగము. దాని కంపనములు అన్ని దిక్కులను ఉండును. నిలువు కమ్ముల కిటికీగుండ త్రాటిని ఆడించినచో నిలువు అల మాత్రమే ఆవలికి పోవును. ఆవల అడ్డకమ్ముల కిటికీ ఉన్నచో ఆ అలయు నిలిచిపోవును. సూక్ష్మదర్శినిలోని రెండు పలకలును ఇట్టివే. వానిని అడ్డముగా అమర్చినచో చూపు చీకటియగును. కాని ఆ రెంటి నడుమ పలుగురాతి పలుచని ముక్కను ఉంచినచో చీకటిలో వెలుగు మొలచును. స్ఫటికము కిరణమును రెండుగా చీల్చి, ఒకదానిని మరియొకదానికంటె వెనుకబెట్టును. ఆ రెండును తిరిగి కలిసినప్పుడు కొన్ని వర్ణములు బలపడును, కొన్ని నశించును. అందుచే తెల్లని రాతిలో నీలము, పసుపు, అరుణము కనబడును.

రాతికి ఈ వెలుగును చూపి చదివినవారిలో ముఖ్యుడు హెన్రీ క్లిఫ్టన్ సార్బీ. ఇతడు 1826లో ఇంగ్లండులోని షెఫీల్డువద్ద, పనిముట్లు చేయువారి కుటుంబమున జన్మించెను. విశ్వవిద్యాలయము మెట్లెక్కినవాడు కాడు. తండ్రి విడిచిన ఆదాయముతో ఇంటిలోనే పరిశోధన సాగించెను. విలియమ్సన్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఎముకలను, దంతములను పలుచగా అరగదీయు విధము నెరిగి, ఆ పనిని రాతికి పట్టించెను. కొండలను సూక్ష్మదర్శినితో చూచుటయా యని ఆనాటివారు నవ్విరి. ఆ నవ్వునకు అతడు మాటతో కాక పనితో బదులు చెప్పెను. 1858లో ప్రకటించిన వ్యాసమున, స్ఫటికములలో చిక్కుకొనిన సూక్ష్మ ద్రవబిందువులనుబట్టి ఆ రాళ్ళు పుట్టిన విధమును ఊహింపవచ్చునని నిరూపించెను. తరువాత జర్మనీలో అతనిని కలిసికొనిన యువకుడు జిర్కెల్ ఆ విద్యను గ్రహించి, 1873లో శిలల సూక్ష్మనిర్మాణముపై గొప్ప గ్రంథమును వెలువరించెను. నవ్వులపాలైన పని ఇరువదియేండ్లు దాటకమునుపే శాస్త్రమయ్యెను.

ఇక నేర్చు క్రమము. రాతిముక్కను గాజుపలకకు అతికి, కురువిందపు పొడితో అరగదీయుచు 0.03 మిల్లీమీటరు మందమునకు తేవలెను. ఒక్క క్షణము చేయి ఎక్కువ సాగినచో దినమెల్ల పడిన శ్రమ నీటిలో కలియును. పిమ్మట మొదట ఒక్క పలకతోనే చూడవలెను: ఖనిజముయొక్క ఆకారమేది, చీలికగీతలున్నవా, అంచులు ఉబ్బెత్తుగా కనబడునా, పీటను త్రిప్పినచో రంగు మారునా? నల్ల అభ్రకము త్రిప్పిన కొలది లేతగోధుమ వన్నెనుండి ముదురు వన్నెకు మారును. అటుపిమ్మట రెండవ పలకను అడ్డముగా చేర్చి చూడవలెను. పలుగురాయి ఒక చుట్టు త్రిప్పునంతలో నాలుగుమార్లు చీకటియగును. ఒక జాతి ఫెల్స్‌పారు నలుపు తెలుపు చారలుగను, మరియొక జాతి గళ్ళపంచెవలెను కనబడును. గార్నెట్టు ఎటు త్రిప్పినను నల్లగానే ఉండును.

ఇచ్చటనే క్రొత్తవాడు మోసపోవును. ఒక ప్రత్యేక దిశలో కోయబడిన పలుగురాతి రేణువును ఎటు త్రిప్పినను నల్లగానే ఉండును. దానిని గార్నెట్టని వ్రాసినచో తప్పు. గార్నెట్టు అంచులు ఉబ్బెత్తుగా నిలుచును. పలుగురాతి అంచులు అట్లుండవు. కావున ఒక్క గురుతుతో తీర్పు చెప్పరాదు. ఒక్క రేణువును చూచి సరిపెట్టుకొనరాదు.

అంతకంటె పెద్ద మోసము రంగులది. ఆ రంగు రాతి సొంత సొత్తు కాదు. ఖనిజమునుబట్టి, కోసిన దిశనుబట్టి, మందమునుబట్టి అది మారును. సరియైన మందమున పలుగురాయి బూడిదవన్నెగనో తెల్లగనో కనబడును. ముక్క మందమైనచో అదే రాయి పసుపుగను, అంతకు మించినచో ఎఱ్ఱగను కనబడి, వేరొక ఖనిజమను భ్రాంతిని కలిగించును. అందుచే నేర్పరి మొదట తెలియని ఖనిజమును చూడడు. తెలిసిన పలుగురాతిని వెదకి, దాని వన్నెచే ముక్క మందమును సరిచూచుకొనును. పొలము కొలువబోవువాడు ముందు గొలుసును సరిచూచుకొనవలెను గదా! సాగిన గొలుసుతో కొలిచిన పొలము లెక్కలో తగ్గును. ఎంత శ్రద్ధతో గుణించినను ఆ తప్పు పోదు, నష్టము రైతుది.

ఈ విద్య పరదేశములకే చెందినది కాదు. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధిమీది రాతిని భారత భూగర్భ సర్వేకు చెందిన థామస్ హాలెండ్ పరిశీలించి, 1893లో ఆ జాతి శిలకు చార్నొకైటు అని పేరిడెను. అది మద్రాసు ప్రాంతపు రాయి. విశాఖపట్టణపు తూర్పు కనుమలలోను చార్నొకైటు కలదు. చేతబట్టి చూచినచో అది నలుపుదేరిన మొరటు రాయి. సూక్ష్మదర్శినిలో అందలి హైపర్‌స్తీను అను ఖనిజము పీటను త్రిప్పినకొలది లేతగులాబి వన్నెనుండి లేతపచ్చకు మారుచుండును. మెట్లకును గోడలకును వాడు నల్లరాతిలో ఇంత సొగసు దాగియుండునని ఎవ్వరూహింతురు?

సార్బీ 1908లో మరణించెను. కళాశాల చదువు లేని అతనికి గురువులు పుస్తకములును, రాళ్ళును, తన పొరపాట్లును. గ్రంథాలయమున కూర్చుండు బాలుడెవడైనను ఈ మార్గమున నడువవచ్చును. అందులకు కావలసిన నియమము ఒక్కటే: చూచినదానిని వెంటనే నమ్మక, త్రిప్పి చూచి, తెలిసినదానితో సరిపోల్చి, ఆ పిమ్మటనే పేరు వ్రాయుట.