గింజ సగం, పాకం సగం

అమెరికాలో ఇంటి బీరుకి దారి తెరిచిన చట్టం మీద జిమ్మీ కార్టర్ 1978లో సంతకం చేశారు. మిసిసిపి, అలబామా మాత్రం 2013 దాకా బెట్టు వీడలేదు.

అమెరికాలో ఇంట్లో బీరు చేసే కొత్తవాళ్లు చాలామంది డబ్బాల్లో దొరికే మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన గింజ) పాకంతో మొదలుపెడతారు. తర్వాతి మెట్టు పార్షియల్ మాష్, అంటే కొంత గింజ, కొంత పాకం. 19 లీటర్ల బీరుకి రెండు కిలోల మాల్టు బార్లీని బరకగా నలగ్గొట్టి, గుడ్డ సంచిలో పోసి, 67 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు నాననిస్తారు. గింజలోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. నీళ్లు పానకంలా తియ్యగా అవుతాయి. వేడి 75 దాటిందా, ఎంజైముల పని సరి. థర్మామీటరు దగ్గర పిసినారితనం పనికిరాదు! రంగు కోసం వేసే మాడ్చిన మాల్టులో ఎంజైములుండవు, అందుకే లేత మాల్టే ఎక్కువ వేయాలి.

సంచి తీశాక పాకం, చేదు కోసం హాప్స్ పూలు వేసి గంట మరిగిస్తారు. 20 డిగ్రీలకు చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. అక్కడినుంచి దానికి తగిలే ప్రతి గిన్నే, గొట్టమూ క్రిమిరహితంగా ఉండాలి. లేదంటే బీరు పుల్లబడుతుంది.