ఓరుగల్లు: కోట కూలినా నిలిచిన నగరం



షోలాపూర్ తూర్పు పేటలలో పెద్దవారిని “మీదే ఊరు?” అని అడిగితే తెలంగాణలోని ఏదో ఒక గ్రామం పేరు చెబుతారు. ఆ గ్రామాలలో అనేకం ఒకనాడు ఓరుగల్లు రాజధానిగా సాగిన రాజ్యంలోనివి. కనుక ఆ నగరాన్ని గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

కాకతీయులు మొదట అనుమకొండ నుండి పాలించారు. అక్కడి వేయిస్తంభాల గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడు. గణపతిదేవుని కాలంలో రాజధాని ఓరుగల్లుకు మారింది. నడుమ రాతికోట, దాని చుట్టూ అగడ్త, ఆవల మట్టికోట. రుద్రమదేవి ఈ రక్షణను మరింత బలపరచింది. అయితే రాజ్యాన్ని పోషించినవి గోడలు కావు, చెరువులు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద నేటికీ పొలాలు పండుతున్నాయి.

రెండవ ఆధారం వర్తకం. గాలివానకు ఒడ్డున పడిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకొనే ఆ రోజులలో, నియమిత సుంకం తప్ప మరేమియు గైకొననని గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఆ సీమను వర్ణించిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో అక్కడి సన్నని వస్త్రాలను సాలెగూటితో పోల్చాడు. నేసినవారి పేర్లు మాత్రం వ్రాయలేదు.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైంది. కోటలోని స్వయంభూ శివాలయం శిథిలమైంది. నాలుగు కీర్తితోరణాలు నిలిచాయి. వాటితోపాటు నేత కూడ నిలిచింది. 1934లో వరంగల్లులో ఆజంజాహీ మిల్లు వెలసింది. కాలక్రమంలో అదీ మూతపడింది. అయినను వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. రాజులు పోయారు, మిల్లు పోయింది. పని తెలిసిన చేయి మిగిలింది.

ఆ చేతులే కరవు కాలాలలో బ్రతుకుతెరువు వెదుకుతూ ఇటు వచ్చాయి. షోలాపురీ చాదరుకు కూడ నేడు భౌగోళిక గుర్తింపు ఉన్నది. సిద్ధేశ్వర చెరువు గట్టున ఉన్న మన భూయికోటను ఏలిన వంశాలు ఎన్నో మారాయి. మన మగ్గం చప్పుడు ఆగలేదు.

కాని నా భయం ఒక్కటే. మరమగ్గాల నడుమ పెరిగిన మన పిల్లలకు పడుగు, పేక, ఆసు, కండె, నాడె అనే మాటలు దూరమగుచున్నవి. మార్కో పోలో వ్రాయని పేర్లను మనమైనా వ్రాసుకొనవలదా? ప్రతి ఇంటివారును తమ పూర్వుల ఊరు, వారు ఇక్కడికి వచ్చిన కాలం, నేసిన బట్ట, వాడిన పనిముట్ల పేర్లు తెలుగులో ఒక పుటలో వ్రాసి, పేటలోని గ్రంథాలయానికి ఒక ప్రతి ఇవ్వవలెనని ప్రార్థన. పెద్దలు చెప్పగా పిల్లలే వ్రాయాలి. ఓరుగల్లుకు రాతి తోరణాలున్నవి; మనకు ఆ పుటలే కీర్తితోరణాలు.