కారు అద్దము క్రింది నీటిదారి

గత శ్రావణములో మండవల్లి నుండి కైకలూరు పోవుచుండగా, పెద్దవానకు మా కారులో కాళ్ళ క్రింది తివాచీ నానిపోయినది. తివాచీ ఆరును; దాని క్రింది విద్యుత్తీగలకును, ఇనుప రేకునకును గదా ముప్పు!

ముందు అద్దము దిగువన, వైపర్ల మొదట, నల్లని ప్లాస్టిక్ పలక యుండును. దాని క్రింద తొట్టి. తొట్టికి నీరు పోవు రంధ్రములు. ప్రక్కనే లోనికి గాలి పీల్చు ద్వారము. పెక్కు కార్లలో నీటిని ఆ ద్వారమునకు పోనీయక మళ్ళించునది పలక అడుగున అంటించిన స్పాంజి పట్టీయే. ఏండ్లు గడవగా అది పొడియై రాలును.

మేము తొందరపడి కనబడిన సందునెల్ల జిగురుతో పూడ్చితిమి. రంధ్రములును మూసికొనిపోయినవి! బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడుచుండ ఉప్పుటేరు పూడినచో కొల్లేటి ఊళ్ళ గతి యేమగునో ఇచటివారికి చెప్పవలెనా?

మరల పలక విప్పి, కుళ్ళిన ఆకులు తీసి, జిగురు గీకి, ఆరనిచ్చి, పాతదాని మందమునకే క్రొత్త పట్టీ అంటించితిమి. పరుపుల స్పాంజి నీరు త్రాగును, పనికిరాదు. నీరు పీల్చని రకమే కావలెను. రంధ్రములను తెరచియే యుంచితిమి. అద్దముపై బిందెడు నీరు పోయగా, అంతయు చక్రముల వెనుకనుండి నేలకు దిగినది. తివాచీ పొడిగానే యున్నది.